పారిశ్రామిక నగరం గాలిలో ఎన్ని బాక్టీరియా? ప్రశ్నే సరిగ్గా లేదు

ఫ్యాక్టరీలున్న నగరాల గాలి మీద వార్త వచ్చిందంటే అందులో రెండు తప్పకుండా ఉంటాయి. ఒకటి, "ఘనపు మీటరు గాలిలో ఇన్ని వేల బాక్టీరియా" అనే అంకె. రెండోది, నల్లటి పొగ కక్కుతున్న పొగగొట్టం ఫొటో. చదివినవాళ్లకు టెన్షన్ పట్టుకోవడానికి ఈ రెండూ చాలు. విషయం అర్థం కావడానికి మాత్రం రెండూ పెద్దగా పనికిరావు.

పొగగొట్టం సంగతి ముందు తేల్చేద్దాం. బాయిలర్లో, కొలిమిలో, బట్టీలో వందల డిగ్రీల వేడి ఉంటుంది. ఆ మంట దాటుకుని ప్రాణంతో బయటపడే బాక్టీరియా ఏదీ లేదు. పొగగొట్టం వదిలే మసి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు ఊపిరితిత్తులకు చేసే చెరుపు చాలా పెద్దదే, కానీ అది వేరే కథ. క్రిములు అక్కడి నుంచి రావు. అవి తడి నుంచి వస్తాయి, దుమ్ము నుంచి వస్తాయి. ఈ మాట గుర్తుంచుకుంటే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఇక అంకె. నేల మీద ఎక్కడి గాలి తీసుకున్నా, పొలమైనా అడవైనా నగరమైనా, ఘనపు మీటరుకు సుమారు 10 వేల నుంచి 10 లక్షల దాకా బాక్టీరియా కణాలుంటాయి. మనిషి రోజుకు దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే ఏ ఊళ్లో ఉన్నా రోజుకు లక్ష నుంచి కోటి బాక్టీరియాల దాకా ముక్కులోకి వెళ్తూనే ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం మట్టిలో, ఆకుల మీద, నీళ్లలో బతికే రకాలు. మన జోలికి రావు. ముక్కులోని జిగురు, శ్వాసనాళాల్లోని సన్నని కేశాలు, ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే తెల్ల కణాలు వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంటాయి.

బరువు పరంగా చూస్తే వీటి వాటా మరీ తక్కువ. ఒక బాక్టీరియా కణం బరువు దాదాపు ఒక పికోగ్రాము, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. ఘనపు మీటరులో లక్ష కణాలున్నాయనుకున్నా అన్నీ కలిపి 0.1 మైక్రోగ్రాము (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు). కాలుష్యం బాగా ఉన్న రోజున అదే ఘనపు మీటరులో 100 మైక్రోగ్రాముల ధూళి ఉంటుంది. అందులో బాక్టీరియా వాటా వెయ్యో వంతు. గాలి నాణ్యత మీటరు చూపించే పీఎం 2.5 అంకెకూ (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి ఎంతుందో చెప్పేది ఇది; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బాక్టీరియాకూ సూటి సంబంధం ఎందుకు ఉండదో ఈ లెక్కే చెబుతుంది. ఆ మీటరు కొలిచేది ప్రధానంగా మసిని, సల్ఫేట్లను, నైట్రేట్లను, కంటికి కనిపించని దుమ్మును.

గాలిలోకి ఎలా ఎక్కుతాయి

బాక్టీరియాకు రెక్కలు లేవు. ఎవరో ఒకరు దాన్ని పైకి లేపాలి. పారిశ్రామిక నగరంలో ఈ పని చేసేవి చాలానే ఉన్నాయి. లారీల చక్రాల కింద రోడ్డు దుమ్ము లేస్తుంది. తవ్వకాలు, కూల్చివేతలు మట్టిని పైకి లేపుతాయి. చెత్తను దింపి, ఎక్కించే చోట కుళ్లిన పదార్థం పొడి పొడిగా ఎగురుతుంది. కంపోస్టు గుట్టలను తిరగేసినప్పుడు 50, 60 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే యాక్టినోమైసీట్లు అనే రకం బాక్టీరియా మేఘంలా పైకి వస్తాయి. మురుగునీటి శుద్ధి కేంద్రంలో నీటికి ఆక్సిజన్ అందించడానికి గాలి ఊదుతారు. ఆ బుడగలు పైకొచ్చి పగిలినప్పుడు చిమ్మే తుంపరల్లో మురుగులోని బాక్టీరియా ఉంటాయి. తుంపరలోని నీరు క్షణాల్లో ఆవిరైపోయి బాక్టీరియా మాత్రం గాలిలో మిగులుతుంది.

జనం కూడా ఒక మూలమే. చర్మం నుంచి రాలే పొలుసులతో పాటు స్టెఫైలోకాకస్ వంటి చర్మం మీది బాక్టీరియా గాలిలో చేరతాయి. పెంపుడు జంతువుల పాత్ర మాత్రం పరిశోధకులనే ఆశ్చర్యపరిచింది. అమెరికాలోని షికాగో, క్లీవ్‌ల్యాండ్, డెట్రాయిట్ నగరాల గాలిని డీఎన్‌ఏ పద్ధతిలో పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. చలికాలంలో క్లీవ్‌ల్యాండ్, డెట్రాయిట్ గాలిలో ఉన్న బాక్టీరియాకు కుక్కల మలమే ముఖ్యమైన మూలమై ఉండొచ్చని తేలింది. వేసవిలో ఆకులు, మట్టి అందించే బాక్టీరియా ముందు ఈ వాటా కనిపించదు. చలికాలంలో ఆకులు రాలిపోయి, నేల గడ్డకట్టి, మంచు కప్పేశాక అడుగున ఉన్నది బయటపడింది. ఉక్కుకూ కార్లకూ పేరుపడ్డ నగరాల గాలిలో వెతికితే దొరికింది ఇది!

వర్షం గాలిని కడిగేస్తుందని అనుకుంటాం. కడుగుతుంది కూడా. కానీ మొదట పడే చినుకులు వేరే పని చేస్తాయి. చినుకు మట్టిని తాకినప్పుడు అడుగున చిక్కుకున్న గాలి బుడగలై పైకొచ్చి పగులుతుంది. ఆ సన్నని తుంపరలతో నేలమీది బాక్టీరియా లేస్తాయి. 2017లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాలతో దీన్ని చిత్రీకరించారు. అలా లేచిన బాక్టీరియా గంటకు పైగా బతికి ఉండగలవని చూపించారు.

లేచినవి ఎంతసేపు పైన ఉంటాయన్నది సైజు మీద ఆధారపడుతుంది. ఒక మైక్రాన్ వ్యాసమున్న కణం కదలని గాలిలో రోజుకు 3 మీటర్లు మాత్రమే కిందికి దిగుతుంది. 10 మైక్రాన్ల కణం గంటకే పది మీటర్ల దాకా దిగిపోతుంది. బాక్టీరియా సాధారణంగా ఒక మైక్రాను ఉంటుంది కాబట్టి రోజుల తరబడి తేలుతుందనుకోవచ్చు. నిజానికి చాలావరకు అవి ఒంటరిగా ప్రయాణించవు, ధూళి రేణువుకో ఆకు ముక్కకో అంటుకుని ఉంటాయి. అందుకే కొలిచినప్పుడు ఎక్కువగా 2 నుంచి 4 మైక్రాన్ల చుట్టుపక్కల సైజులో దొరుకుతాయి. ఊపిరితిత్తుల లోపలి దాకా పోగలిగేంత చిన్నవి ఇవి.

కొలవడం అనే తలనొప్పి

గాలిలోని సూక్ష్మజీవులను కొలవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1860లో లూయీ పాశ్చర్ పోషక ద్రవం నింపి మూసేసిన గాజు బుడ్లను ఆల్ప్స్ పర్వతాల్లోని మేర్ ద గ్లాస్ హిమానీనదం దాకా మోసుకెళ్లాడు. అక్కడ 20 బుడ్లు తెరిచి, గాలి పట్టి, మళ్లీ మూశాడు. వాటిలో ఒక్కటే చెడింది. కింద అర్బ్వా పట్టణం దగ్గర తెరిచిన 20లో 8 చెడిపోయాయి. జీవం గాలి నుంచి దానంతటదే పుట్టదని, గాలిలోని ధూళితో పాటు వస్తుందని చూపడం ఆయన ఉద్దేశం. తర్వాత పియేర్ మికెల్ అనే శాస్త్రవేత్త ప్యారిస్‌లోని మోంసూరీ వేధశాలలో ఏళ్ల తరబడి ఈ లెక్కలు రాసిపెట్టాడు. పార్కులో కన్నా రద్దీ వీధిలో బాక్టీరియా చాలా రెట్లు ఎక్కువని, రుతువును బట్టి మారతాయని 19వ శతాబ్దంలోనే చూపించాడు. ఓపిక అంటే అదీ.

1958లో వచ్చిన ఆండర్సన్ శాంప్లర్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరు జల్లెడ పళ్లేలు, ఒక్కోదాని కింద పోషక జెల్లీ నింపిన పెట్రీ ప్లేటు (మూత ఉండే లోతు తక్కువ గుండ్రటి పళ్లెం). నిమిషానికి 28.3 లీటర్ల గాలిని లాగుతుంది. పెద్ద రేణువులు పై ప్లేట్లలో, సన్నవి కింది ప్లేట్లలో పడతాయి. ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే బతికున్న ఒక్కో బాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. దాన్నే కాలనీ అంటారు. కాలనీలు లెక్కపెట్టి ఘనపు మీటరుకు ఇన్ని అని రాస్తారు.

చిక్కంతా ఇక్కడే. గాలిలోని బాక్టీరియాలో పెట్రీ ప్లేటు మీద పెరిగేవి చాలా తక్కువ. చాలా సందర్భాల్లో పది శాతం కూడా ఉండవు, ఒక శాతం దగ్గరే ఆగిపోవచ్చు. మిగతావి చచ్చినవి, ఎండిపోయి నిద్రాణంగా ఉన్నవి, ఆ జెల్లీ ఆహారం నచ్చనివి. పోనీ ఫిల్టర్ మీద ధూళి పట్టి డీఎన్‌ఏ చదివితే? అప్పుడు అన్ని రకాల పేర్లూ దొరుకుతాయి, కానీ ఏది బతికుందో ఏది చచ్చిందో తెలియదు. డీఎన్‌ఏకు ప్రాణంతో పనిలేదు. పైగా ఫిల్టర్ గుండా గంటల తరబడి గాలి లాగితే, పట్టుబడినవి అక్కడే ఎండి చచ్చిపోతాయి. ఒకే చోట, ఒకే రోజు ఒకరు 500 అని, ఇంకొకరు 50 వేలు అని రాస్తే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ఒకరు కాలనీలు లెక్కపెట్టారు, ఇంకొకరు కణాలు.

మరో పద్ధతి ఉంది, వీడియోల్లో ఎక్కువగా కనిపించేది: పెట్రీ ప్లేటు మూత తీసి కాసేపు ఆరుబయట పెట్టడం, రెండు రోజుల తర్వాత రంగురంగుల మచ్చలు చూపించి "మనం పీల్చేది ఇదే" అనడం. ఆ ప్లేటు మీద పడేవి బరువైన రేణువులు. ఊపిరితిత్తుల లోతుల్లోకి పోయే సన్నవి గాలిలోనే ఉండిపోతాయి. ఎంత గాలిలోంచి పడ్డాయో లెక్క ఉండదు. చూడటానికి బాగుంటుంది, కొలతగా చెల్లదు.

కాలుష్యం బాక్టీరియాకు మిత్రుడా, శత్రువా

దీనికి జవాబు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి, పరిశోధనను బట్టి మారుతోంది. కొన్ని నగరాల్లో పొగమంచు రోజుల్లో బాక్టీరియా పెరిగాయి, కొన్నిచోట్ల తగ్గాయి. రెండింటికీ కారణాలున్నాయి.

చలికాలంలో నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటే కింద పుట్టినదంతా కిందే పోగవుతుంది. ధూళి, మసి, బాక్టీరియా అన్నీ. ధూళి రేణువు బాక్టీరియాకు వాహనం, కొంతవరకు గొడుగు కూడా. దట్టమైన పొగమంచు సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటే ఆ మేరకు బతికే అవకాశం పెరుగుతుంది.

ఇంకోవైపు కలుషితమైన గాలి బాక్టీరియాను చంపుతుంది కూడా. 1960వ దశకంలో బ్రిటన్‌లోని పోర్టన్ డౌన్ రక్షణ ప్రయోగశాలలో డ్రూయెట్, మే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. చిన్న చట్రాలకు సాలెపురుగు దారాలు చుట్టి, వాటి మీద ఈ.కోలై బాక్టీరియాను అంటించి ఆరుబయట పెట్టారు. సన్నని దారం మీద ఉన్న బాక్టీరియా దాదాపు గాలిలో తేలుతున్నట్టే లెక్క. చీకట్లో, ఎండ తగలకుండా పెట్టినా మూసి ఉన్న గదిలో కన్నా ఆరుబయట అవి త్వరగా చచ్చిపోయాయి. అదే బయటి గాలిని పట్టి పెట్టెలో బంధిస్తే ఆ శక్తి కాసేపట్లోనే మాయమైంది. దీనికి వాళ్లు పెట్టిన పేరు 'ఓపెన్ ఎయిర్ ఫ్యాక్టర్'. ఓజోనూ, పెట్రోలు ఆవిర్ల వంటి వాటిలోని ఓలెఫిన్లు అనే హైడ్రోకార్బన్లూ కలిసినప్పుడు పుట్టే అస్థిర పదార్థాలే దీనికి కారణమని తర్వాత వచ్చిన వివరణ. అంటే బాక్టీరియాను మోసేదీ చంపేదీ అదే గాలి. ఏది గెలుస్తుందన్నది ఆ రోజు తేమ, ఎండ, ఓజోన్ మోతాదు, బాక్టీరియా రకం కలిసి తేలుస్తాయి.

2013 జనవరిలో బీజింగ్‌ను కమ్మేసిన భారీ పొగమంచు సమయంలో పీఎం 2.5, పీఎం 10 ధూళిని పట్టి అందులోని డీఎన్‌ఏ మొత్తాన్ని చదివారు. 1,300కు పైగా సూక్ష్మజీవుల జాతులు బయటపడ్డాయి. చాలావరకు మట్టికి చెందినవి, మనిషికి హాని చేయనివి. అయితే న్యుమోనియాతో సంబంధమున్న స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే వంటి కొన్ని కూడా కనిపించాయి. కాలుష్యం పెరిగిన రోజుల్లో ఇలాంటి వాటి వాటా కొద్దిగా పెరిగినట్టు తోచింది. వాటా పెరిగినా, మొత్తంలో అది చాలా చిన్న భాగమే.

2016లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అదే బీజింగ్ డేటాలో యాంటీబయాటిక్స్‌కు లొంగని గుణాన్నిచ్చే జన్యువులను వెతికారు. దొరికాయి. చివరి అస్త్రంగా వాడే కార్బపెనెమ్ మందులను నిష్ఫలం చేసే జన్యువులు కూడా వాటిలో ఉన్నాయి. పత్రికలు హడలెత్తించాయి. తాము చూసింది డీఎన్‌ఏ ముక్కలనేనని, బాక్టీరియా బతికున్నాయో లేదో దీన్నిబట్టి చెప్పలేమని పరిశోధకులే వివరించాల్సి వచ్చింది. ఈ జన్యువులు గాలిలో ప్రయాణిస్తాయన్నది ఇప్పుడు స్థిరపడిన విషయమే. కానీ ఆహారం, నీరు, ఆసుపత్రి, మనిషి చేయి అనే పాత దారులతో పోలిస్తే ఇది ఎంత పెద్ద దారి అన్నది వేరే ప్రశ్న. ఆ జవాబు వచ్చే దాకా భయపెట్టే శీర్షికలను పక్కన పెట్టడం మేలు.

చచ్చిన బాక్టీరియాతో పనేముంది అనుకోవడానికీ లేదు. గ్రామ్ నెగెటివ్ అనే ఒక పెద్ద వర్గం బాక్టీరియా పై పొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం బాక్టీరియా చచ్చాక కూడా అలాగే ఉంటుంది. పీల్చితే శ్వాసనాళాలు వాస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం పెరుగుతుంది. నూలు మిల్లుల కార్మికులు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోయి బాధపడేవారు. దాన్ని 'సోమవారం జ్వరం' అనేవారు. పత్తి దుమ్ములోని ఎండోటాక్సిన్ దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. పనిచేసే చోట్లకు నెదర్లాండ్స్ నిపుణుల మండలి 2010లో ఘనపు మీటరుకు 90 ఎండోటాక్సిన్ యూనిట్ల పరిమితి సూచించింది. మామూలు ఆరుబయట గాలిలో ఇది దానికి చాలా దిగువనే ఉంటుంది. కాబట్టి ఈ ముప్పు ప్రధానంగా మిల్లు లోపలివాళ్లది, కంపోస్టు యార్డులో పారపట్టినవాళ్లది, మురుగు శుద్ధి కేంద్రంలో ట్యాంకుల పక్కన నిలబడేవాళ్లది. ఊరందరి సగటు లెక్కలో వీళ్ల బాధ కనిపించదు.

ఒకే ఒక్క తెల్లటి ఆవిరి

ఆరుబయట గాలి ద్వారా నగరవాసులను నిజంగా చంపిన పారిశ్రామిక బాక్టీరియా ఏదని అడిగితే, నా జవాబు లీజియోనెల్లా. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగిన 'అమెరికన్ లీజియన్' అనే మాజీ సైనికుల సంఘం సమావేశానికి వెళ్లినవాళ్లు అంతుపట్టని న్యుమోనియాతో చనిపోయారు. వ్యాధికి 'లీజియోనేర్స్ డిసీజ్' అనే పేరు, బాక్టీరియాకు లీజియోనెల్లా అనే పేరు అక్కడి నుంచే వచ్చాయి. బాక్టీరియాను మరుసటి ఏడాది జనవరికి గాని గుర్తించలేకపోయారు.

ఇది 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చటి నీళ్లలో, అమీబాల లోపల చేరి పెరుగుతుంది. వేడెక్కిన నీటిని చిలకరించి చల్లార్చే ఫ్యాక్టరీల కూలింగ్ టవర్లలో దానికి కావలసినవన్నీ ఉన్నాయి: వెచ్చటి నీరు, అడుగున పాచి, పైనుంచి కింది దాకా చిలకరింపు, తుంపరను బయటికి తోసే ఫ్యాను. పొగగొట్టం నల్లటి పొగను చూసి ముక్కు మూసుకునే జనం టవర్ నుంచి వచ్చే తెల్లటి ఆవిరిని పట్టించుకోరు. ఆవిరిలో బాక్టీరియా ఉండదు, నిజమే. దాంతో పాటు కొట్టుకొచ్చే సన్నటి తుంపరలో ఉంటుంది.

ఫ్రాన్స్‌లోని పా-ద-కలే ప్రాంతంలో 2003 నవంబరు నుంచి 2004 జనవరి దాకా 86 మందికి ఈ జబ్బు వచ్చింది, 18 మంది చనిపోయారు. మూలం ఒక పెట్రోకెమికల్ ప్లాంటు. ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు కూడా సోకింది. బాధాకరమైన సంగతేమిటంటే, విషయం తెలిశాక టవర్‌ను హై ప్రెషర్ నీటి జెట్లతో శుభ్రం చేశారు. కేసుల రెండో ఉప్పెన ఆ సమయంలోనే వచ్చింది. పాచిలో ఉన్నదాన్ని శుభ్రం చేసే జెట్లే గాలిలోకి చిమ్మాయి.

నార్వేలోని సార్ప్స్‌బోర్గ్‌లో 2005 మే నెలలో 56 మంది జబ్బుపడ్డారు, పదిమంది చనిపోయారు. అక్కడ దొరికిన దోషి ఎయిర్ స్క్రబ్బర్. ఫ్యాక్టరీ నుంచి బయటికెళ్లే గాలిని నీటితో కడిగి శుభ్రపరిచే యంత్రమే బాక్టీరియాను పది కిలోమీటర్లకు పైగా విరజిమ్మింది. తర్వాత లోతుగా వెతికితే అదే ప్రాంగణంలో వ్యర్థజలాలకు గాలి ఊదే కొలనుల్లో లీజియోనెల్లా విపరీతంగా పెరుగుతోందని తేలింది. కాలుష్యాన్ని తగ్గించడానికి పెట్టిన రెండు ఏర్పాట్లలో ఒకటి బాక్టీరియాను పెంచింది, ఇంకొకటి పంచింది.

ఈ రెండు ఊళ్లలోనూ ఎవరైనా ఆ రోజుల్లో నగరం మధ్యన నిలబడి ఘనపు మీటరుకు ఎన్ని బాక్టీరియా అని కొలిచి ఉంటే ఏమీ తేడా కనిపించేది కాదు. వేలల్లో, లక్షల్లో ఉన్న మట్టి బాక్టీరియా మధ్య చంపే రకం కొన్ని మాత్రమే. మొత్తం అంకె ముప్పును చూపించదు, పైగా దాచేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన గాలి నాణ్యత మార్గదర్శకాల్లో పీఎం 2.5కు ఏడాది సగటు 5 మైక్రోగ్రాములని పరిమితి ఉంది, ఓజోన్‌కు ఉంది, నైట్రోజన్ డయాక్సైడ్‌కు ఉంది. ఆరుబయట గాలిలోని బాక్టీరియాకు లేదు. ఇది నిర్లక్ష్యమని కొందరు అంటారు. నాకలా అనిపించదు. ఎలా కొలవాలో ఒప్పందం లేని, కొలిచినా అర్థం చెప్పని అంకెకు పరిమితి పెట్టి ఏం లాభం? పరిమితి పెట్టాల్సింది మూలం దగ్గర. టవర్ నీటిలో లీజియోనెల్లా ఎంత, తుంపరను ఆపే డ్రిఫ్ట్ ఎలిమినేటర్ సరిగ్గా ఉందా, మురుగు ట్యాంకు మీద మూత ఉందా, కంపోస్టు గుట్టను తడిపి తిరగేస్తున్నారా, గాలి వాలు దిక్కున ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయి. ఇవి కొలవగలిగినవి, సరిచేయగలిగినవి.

2015 వేసవిలో న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో లీజియోనెల్లా విరుచుకుపడి 138 మంది జబ్బుపడి, 16 మంది చనిపోయారు. అధికారులు ముందుగా చేయాల్సి వచ్చిన పని, అసలు ఏయే భవనాల మీద కూలింగ్ టవర్లున్నాయో వెతకడం. అప్పటిదాకా నగరం దగ్గర వాటి పూర్తి జాబితా లేదు. ఆ ఆగస్టులోనే నగరం చట్టం తెచ్చింది: ప్రతి టవర్‌నూ రిజిస్టర్ చేయించాలి, క్రమం తప్పకుండా నీటిని పరీక్షించాలి, ఫలితం చెడుగా వస్తే గడువులోగా శుభ్రం చేయాలి.